మూత పడితేనే లెక్క: పిల్లల గదికి కొన్న ఆరు డబ్బాల గురించి

ఎనిమిది నెలల క్రితం పిల్లల గది కోసం ఆరు ప్లాస్టిక్ డబ్బాల సెట్ కొన్నాను. లోపల ఏముందో బయటికి కనిపించే రకం. మూతలు, రెండు పక్కలా క్లిప్పులు, అడుగున చిన్న చక్రాలు, ముందువైపు పేరు రాసిన కార్డు దూర్చుకోవడానికి ఒక జేబు ఉన్నాయి. నాలుగు పెద్దవి, ఒక్కోటి 30 లీటర్లు. రెండు చిన్నవి, 10 లీటర్లవి. మా పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నోడికి ఆరు. ఇద్దరిదీ ఒకటే గది. కొనేముందు నేను చదివిన రివ్యూలన్నీ క్వాలిటీ బాగుంది, త్వరగా వచ్చింది అనే దగ్గరే ఆగిపోయాయి. డబ్బాలు ఇంటికి వచ్చాక పిల్లలతో ఏం చేయాలో ఒక్కరూ రాయలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఈ డబ్బాలు కొనడానికి ఏడాది ముందు, పిల్లలు బడికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం చెత్త సంచులు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళాను. రెండు గంటల్లో మూడు సంచులు నిండాయి. గది అద్దంలా తయారైంది. సాయంత్రం ఇద్దరూ వచ్చి చూసి తెగ మురిసిపోయారు. నేనూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. వారం తర్వాత పెద్దది వచ్చి "అమ్మా, నా గుండీల సీసా ఏదీ?" అని అడిగింది. పాత చొక్కాల గుండీలన్నీ ఏరి ఒక చిన్న సీసాలో వేసుకుంది. నేను పారేశాను. ఆ మాటే చెప్పాను. తను ఏడవలేదు, గొడవ చేయలేదు. కానీ కొన్నాళ్ళకి దుప్పట్లు మారుస్తుంటే తన దిండు గలీబులో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే ఒక జుట్టు క్లిప్పు, రెండు గోళీలు, విరిగిన స్కేలు ముక్క, మడతపెట్టిన కాగితం. నాకు దొరక్కుండా దాచుకుంది. బడికి వెళ్తే వెనకాల అమ్మ ఏం పారేస్తుందో అని భయం పట్టుకుంది పిల్లకి. నేను ఆ మంచం మీదే కూర్చుండిపోయాను. మళ్ళీ అన్నీ గలీబులో ఎలా ఉన్నవి అలాగే పెట్టేశాను. ఆ రోజు అనుకున్నాను, ఇక వాళ్ళ వస్తువు వాళ్ళు లేకుండా గడప దాటదని.

అలా కొన్నవి ఈ డబ్బాలు. మొదటి నెల మాత్రం పూర్తిగా ఫెయిల్. ఆదివారం పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా నేల మీద ఉన్నదంతా ఆరు డబ్బాల్లోకి ఎక్కించేశాం. ఏదీ తీసేయలేదు, ఏదీ ఎంచలేదు. నేలంతా కనిపించింది, ఫోటో కూడా తీశాను. మూడు వారాల్లో నేల మళ్ళీ నిండిపోయింది. ఈసారి గదిలో ఆ సామానుతో పాటు ఆరు నిండు డబ్బాలు కూడా ఉన్నాయి! ఎక్కువ చోటు దొరికింది కాబట్టి ఎక్కువ సామాను చేరింది. అందుకే డబ్బాల సెట్ కొంటే గది దానంతటదే తేలికపడుతుందనుకునేవాళ్ళకి చెబుతున్నాను, పడదు.

రెండో నెలలో పద్ధతి మార్చాం. నియమం ఒక్కటే: మూత పడాలి. డబ్బాలో ఏం పెట్టుకుంటారో వాళ్ళ ఇష్టం, నేను వేలు పెట్టను. కానీ క్లిప్పులు రెండూ టక్కుమని పడాలి, మూత మీద కూర్చుని నొక్కకూడదు. ఇది చాలా చిన్న మాటలా ఉంటుంది. కానీ అప్పటిదాకా "ఇది వద్దులే, ఇది పారేద్దాంలే" అనే మనిషిని నేను. ప్రతి బొమ్మ దగ్గరా నాకూ వాళ్ళకీ పేచీ. ఇప్పుడు వద్దనేది డబ్బా. చిన్నోడు కార్ల డబ్బా మూత వేయబోతే ఒక లారీ అడ్డం పడింది. వాడు నా వంక చూశాడు, నేనేమీ మాట్లాడలేదు. డబ్బాలోకి చూసుకున్నాడు, లారీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, బయటికి తీశాడు, మళ్ళీ పెట్టాడు. చివరికి ముందు చక్రం ఊడిన ఎర్ర కారునీ, ఇంకో రెండు చిన్న కార్లనీ తీసి పక్కన పెట్టి, లారీని పడుకోబెట్టి మూత వేశాడు. క్లిప్పు పడిన చప్పుడుకి వాడి మొహం వెలిగిపోయింది. ఆరేళ్ళవాడు, నేను ఒక్క ముక్క అనకుండా, మూడు కార్లు వదిలేశాడు.

అడిగే మాట కూడా మార్చుకోవాలి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని "ఇది కావాలా, వద్దా?" అని అడిగితే ప్రతిదానికీ "కావాలి" అనే జవాబు వస్తుంది. పిల్లల మొండితనం అనుకునేదాన్ని, కాదు. 1990లో కానమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు కాలేజీ విద్యార్థుల్లో సగం మందికి కాఫీ కప్పులు ఉచితంగా ఇచ్చి అమ్మమన్నారు. కప్పు దొరికిన కాసేపటికే వాళ్ళు దానికి చెప్పిన ధర, కొనేవాళ్ళు ఇస్తామన్నదానికి దాదాపు రెట్టింపు ఉంది. పెద్ద చదువులు చదివేవాళ్ళకే అప్పుడే చేతికొచ్చిన కప్పు మీద అంత మమకారం పుడితే, మూడేళ్ళు పక్కలో పెట్టుకుని పడుకున్న బొమ్మ సంగతి వేరే చెప్పాలా? అందుకే మేం వదిలేవి ఎంచడం మానేసి, ఉంచుకునేవి ఎంచడం మొదలుపెట్టాం. బొమ్మలన్నీ దుప్పటి మీద పోసి "ఇందులో నీకు అన్నిటికంటే ఇష్టమైనవి ముందు తీసి డబ్బాలో పెట్టు" అంటాను. మొదటి పది చకచకా వస్తాయి. తర్వాత చెయ్యి నెమ్మదిస్తుంది. డబ్బా నిండేసరికి దుప్పటి మీద మిగిలినవాటి వైపు వాళ్ళు పెద్దగా చూడనైనా చూడరు.

ఒక్కసారికి ఒక్క రకమే. గదంతా ఒకేసారి అంటే ఇద్దరూ అరగంటకే డీలా పడిపోయారు, నాకూ టెన్షన్. ఎండిపోయిన స్కెచ్ పెన్నులతో మొదలుపెట్టాం. కాగితం మీద గీసి చూడటం, గీత పడకపోతే బుట్టలో వేయడం. ఇందులో బాధ లేదు, పైగా ఆట. తర్వాత పొట్టయిన బట్టలు. ఆ తర్వాత బొమ్మలు. జ్ఞాపకాలున్నవి అన్నిటికంటే ఆఖరున. ఇళ్ళు సర్దడంలో పేరున్న మేరీ కోండో కూడా ఆ రకం వస్తువుల్ని చివరికే పెట్టమంటారు. పిల్లలతో చేసి చూశాక ఎందుకో తెలిసింది. గీత పడని పెన్ను దగ్గర "వద్దు" అనడం అలవాటైన పిల్లకే ఇష్టమైన గౌను దగ్గర ఆ మాట అనే బలం వస్తుంది.

ఇక డబ్బాల మంచిచెడ్డలు. నాకు మొదట వచ్చిన సెట్‌లో ఒక డబ్బా మూల పగిలి ఉంది. అమ్మినవాళ్ళకి ఫోటో పంపితే మార్చి ఇవ్వడానికి మూడు వారాలు పట్టింది, ఐదుసార్లు అడగాల్సి వచ్చింది. అప్పుడే డబ్బా తిప్పి అడుగు చూశాను. త్రికోణం గుర్తులో 6 అని ఉంది. అంటే పాలీస్టైరీన్. గాజులా తళతళలాడుతుంది, కానీ పెళుసు, దెబ్బ తగిలితే పగుళ్ళిచ్చి అంచు పదునుగా మారుతుంది. పిల్లల గదికి అది పనికిరాదు. ఆ సెట్ మొత్తం తిప్పి పంపి, 5 అని ఉన్నది తీసుకున్నాను. అది పాలీప్రొపిలీన్. కాస్త పాల రంగు తిరిగినట్టు ఉంటుంది, అంత స్వచ్ఛంగా కనిపించదు, కానీ వంగుతుంది తప్ప తేలిగ్గా పగలదు. చిన్నోడు రెండుసార్లు దాని మీద ఎక్కి నిలబడ్డాడు, ఏమీ కాలేదు. కొనేటప్పుడు ఆ అంకె చూడండి.

క్లిప్పులు పర్వాలేదు. ఎనిమిది నెలల్లో ఒకటి విరిగింది, అదీ పెద్దది కోపంలో విసిరికొట్టినప్పుడు. చక్రాల మీద మాత్రం నాకు నమ్మకం పోయింది. నున్నటి నేల మీద బాగా దొర్లుతాయి, చాప మీద, కార్పెట్ మీద కదలవు. మంచం కింద పెట్టాలనుకుంటే చక్రాలతో కలిపి ఎత్తు కొలుచుకోండి. నాకు వచ్చినది చక్రాలు లేకుండా 18 సెంటీమీటర్లు, చక్రాలతో 20. మా మంచం కింద 19 ఉంది. చక్రాలు పీకేశాను. ఇంకో సంగతి, మూత పైకి లేచే డబ్బా మంచం కింద ఉంటే ఏదైనా తీయాలంటే మొత్తం బయటికి లాగాలి. చిన్నోడు లాగుతాడు కానీ మళ్ళీ తొయ్యడు. వాడి డబ్బాలు గోడ పక్కన నేల మీదికి మార్చాక ఆ బాధ తప్పింది.

ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చని పెట్టె మీద రాసి ఉంటుంది. రెండు వరకే. మూడు పేరిస్తే అడుగు డబ్బాని ఎవరూ తెరవరు. నాలుగు నెలలు మా ఇంట్లో బిల్డింగ్ బ్లాకులు అలా అడుగునే ఉండిపోయాయి. అవి బయటికి వచ్చిన రోజు ఇద్దరూ అన్నం మాట కూడా మరిచిపోయి ఆడుకున్నారు. లెగో కంపెనీ 1958లో చేసిన ఇటుక ఇప్పటి ఇటుకకి కూడా అతుక్కుంటుంది, అంత కాలం నిలిచే వస్తువు అది. అలాంటిది ఉందన్న సంగతే పిల్లలు మర్చిపోయారు, పైన ఇంకో రెండు డబ్బాలున్నాయి కాబట్టి.

లేబుల్ జేబు మంచి ఆలోచన, కార్డులు మాత్రం పల్చన, రాలిపోతాయి. అట్ట ముక్కలు కత్తిరించి దూర్చాం. చిన్నోడికి ఇంకా చదవడం సరిగా రాదు కాబట్టి వాడివాటి మీద బొమ్మలు వేసి పెట్టాం. కారు బొమ్మ వాడే వేశాడు. తను వేసిన బొమ్మ ఉన్న డబ్బాలో వాడు వేరేవి కలపనివ్వడు, అక్కని కూడా. స్టిక్కర్లు అంటించకండి, జిగురు వదలదు. అంటించేశారా, వంటనూనె రాసి పది నిమిషాలు ఉంచి గుడ్డతో తుడవండి, వచ్చేస్తుంది.

లోపల కనిపించడం ఈ డబ్బాల పెద్ద గుణం. రోజూ ఆడుకునేవాటికి అది వరం. "అమ్మా, అది ఎక్కడ?" అనే పిలుపులు సగానికి సగం తగ్గాయి. కానీ అదే గుణం ఒకచోట ఎదురు తిరిగింది, ఎవరూ చెప్పని విషయం ఇది. ఉంచాలా వద్దా తేల్చుకోలేనివాటికి ఒక డబ్బా కేటాయించి, మూడు నెలల తర్వాతి తేదీ రాసి బీరువా మీద పెట్టాను. పెద్దది రోజూ మంచం మీద పడుకుని అందులోకి చూసేది. పిల్లలకి కనిపించే వస్తువు మీద ఆశ చావదు. నాలుగో రోజే "అమ్మా, ఆ నీలం గుర్రం ఒక్కటీ తీసుకోనా?" అంది. తీసుకుంది. మర్నాడు ఇంకోటి. నెల తిరిగేసరికి డబ్బా ఖాళీ. రెండోసారి అవే వస్తువుల్ని మామూలు అట్టపెట్టెలో పెట్టి టేపు వేశాం. తేదీ తనే రాసింది. ఎప్పుడు కావాలన్నా తెరిచి ఇస్తాను, కాదనను అని మాటిచ్చాను. మూడు నెలల్లో రెండు వస్తువులు అడిగింది, ఇచ్చాను. తేదీ వచ్చిన రోజు పెట్టెలో ఇంకా ఏమున్నాయో చెప్పమంటే నీలం గుర్రం కూడా గుర్తులేదు. తెరిచి చూసుకుంది, ఒక్కటి ఉంచుకుంది, మిగతావి ఇచ్చేద్దామంది. కాబట్టి వాడుకునేవాటికి ఈ డబ్బాలు, తేల్చుకోలేనివాటికి అట్టపెట్టె.

తగ్గాక ఆట పెరిగింది. ఇది నా కళ్ళతో చూసింది. 2018లో అమెరికాలోని టొలీడో యూనివర్సిటీ వాళ్ళు 36 మంది పసిపిల్లలకి ఒకసారి నాలుగు బొమ్మలు, ఇంకోసారి పదహారు ఇచ్చి గమనించారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. మావాళ్ళు పసిపిల్లలు కారు, అయినా పదమూడు కార్లతో చిన్నోడు కట్టే గ్యారేజీ నలభై కార్లున్నప్పుడు ఎన్నడూ కట్టలేదు.

డబ్బాలో పెట్టకూడనిది ఒకటి ఉంది. చిన్నోడి కుందేలు. ఒక చెవి ఊడింది, రంగు పోయింది, పొట్ట దగ్గర రెండుసార్లు కుట్టాను. నేను మొదట అదీ లెక్కలో వేశాను, "కుందేలు కూడా డబ్బాలో పట్టాలి కదా" అన్నాను. వాడి పెదవి వణికింది. నోట మాట రాలేదు, కుందేలుని చొక్కా లోపలికి దూర్చుకున్నాడు. వినికాట్ అనే పిల్లల డాక్టరు 1950ల మొదట్లోనే ఇలాంటి వస్తువుల గురించి రాశారు. పసివాడు తల్లి నుంచి కొంచెం కొంచెంగా విడివడేటప్పుడు పట్టుకునే ఊతం అది. ఎప్పుడు వదలాలో బిడ్డకే తెలుస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు ఒక్కొక్కరికీ ఒక వస్తువు లెక్కలోకి రాదు. పెద్దది తన వస్తువుగా ఒక ఖాళీ సీసా పెట్టుకుంది. గుండీలు మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. ఈసారి చొక్కా పాతబడితే గుండీలు నేనే కత్తిరించి ఇస్తున్నాను.

బొమ్మలు గీసిన కాగితాలు, మట్టి బొమ్మలు, బడిలో చేసిన అట్ట ఇళ్ళు డబ్బాల్లో పట్టవు, పట్టినా నలిగిపోతాయి. వాటికి ఫోటోలు తీస్తున్నాం. ఇది కూడా ఊరికే చెప్పే చిట్కా కాదు. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో యూనివర్సిటీ హాస్టళ్ళలో జ్ఞాపకమున్న వస్తువుకి ఫోటో తీసుకుని ఇచ్చేయమని చెప్పినచోట 613 వస్తువులు వచ్చాయి, ఊరికే ఇవ్వమన్నచోట 533. పెద్దది మాత్రం ఉత్త వస్తువుకి ఫోటో తీయనివ్వదు, తను పట్టుకుని నిలబడితేనే తీయాలి. ఆ ఫోటోల్లో పిల్ల ఎత్తు పెరగడం కూడా కనిపిస్తోంది.

గది నుంచి బయటికి వచ్చినవి ఆ వారంలోనే ఇల్లు దాటాలి. గుమ్మం పక్కన సంచి నెల రోజులుంటే అందులోంచి ఒక్కొక్కటీ వెనక్కి నడిచొస్తాయి. ఇచ్చేముందు కడగాలి, ముక్కలు లెక్కపెట్టాలి, బ్యాటరీలు తీసేయాలి. బిళ్ళల్లాంటి చిన్న బ్యాటరీలైతే మరీ జాగ్రత్త. పసిపిల్లలు మింగి అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోవచ్చు. ఆ బ్యాటరీ మూత స్క్రూ పోయిన బొమ్మని మేం ఎవరికీ ఇవ్వలేదు. సగం ముక్కలు పోయిన పజిల్ కూడా ఇవ్వలేదు. మనకి పనికిరానిది ఇంకో బిడ్డ చేతిలో పెడితే అది ఇవ్వడం అవ్వదు. వంటసామాను సెట్ పక్కింటి పాపకి ఇచ్చాం. పెద్దది కూడా వచ్చింది, స్టవ్ గుండీ గట్టిగా తిప్పకూడదని, మెల్లగా తిప్పితేనే చప్పుడు వస్తుందని దగ్గర కూర్చుని నేర్పించింది. తిరిగొచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది, ఏమీ మాట్లాడలేదు.

ఇక్కడ పెద్దవాళ్ళ సంగతీ ఉంది. మా అమ్మ ఫోన్ చేసి "నేనిచ్చిన పియానో ఏదే?" అని పిల్లని అడిగింది. పిల్ల నా మొహం చూసింది. ఫోన్ తీసుకుని, "అమ్మా, దాంతో రెండేళ్ళు ఆడుకుంది, ఇప్పుడు ఇంకో పాప దగ్గరుంది" అన్నాను. అమ్మకి కాసేపు కష్టమనిపించింది. ఆ జవాబు పిల్ల నెత్తిన పెట్టకూడదు, మనమే చెప్పాలి. అలాగే ఒకరోజు చిన్నోడు నా బీరువా ముందు నిలబడి "అమ్మా, దీనికి మూత పడుతుందా?" అన్నాడు. తలుపు పడలేదు. ఆ ఆదివారం నా బీరువా తీశాం. వాళ్ళిద్దరూ దుప్పటి మీద కూర్చుని చూస్తుండగా నా ఇష్టమైనవి నేను ముందు తీసుకున్నాను.

మళ్ళీ కొంటానా అంటే, కొంటాను, కానీ ఆరు కొనను. ఇప్పుడు నాలుగే వాడుతున్నాం. రెండు ఖాళీ అయ్యాయి. ఖాళీగా ఉంటే ఏదో ఒకటి చేరుతుందని చెల్లెలికి ఇచ్చేశాను, తన కొడుకుకి ఐదేళ్ళు. వాటి మీద మొదట్లో అంటించిన స్టిక్కర్ల జిగురు ఇంకా ఉంది. పెద్దది నూనె, గుడ్డ తెచ్చుకుని గుమ్మంలో కూర్చుని తుడిచింది. కార్డు జేబుల్లో కొత్త అట్టలు కత్తిరించి పెట్టింది. చెల్లెలు వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి ఎత్తుకుంటుంటే వెనకాలే మెట్ల దాకా వెళ్ళి, "పిన్నీ, ఇంకోటి కొన్నా వీటి మీద మాత్రం పెట్టకు. అడుగువి వాడు మర్చిపోతాడు" అని చెప్పి వచ్చింది.